బలము తరుగు చోటు

గజేంద్రమోక్షగాథ నెరుగని తెలుగు వైష్ణవగృహము లేదు. పోతనామాత్యుని పద్యములను పిల్లలకు కంఠపాఠము చేయించుట నిన్నమొన్నటివరకు ప్రతి పల్లెయందును ఉన్న ఆచారమే. శ్రీహరి వైకుంఠమునుండి పరుగున వచ్చుట, చక్రము మకరిని ఖండించుట, గజరాజు విడివడుట ఎల్లరకును జ్ఞాపకముండును. అయితే అంతకు పూర్వము వేయి సంవత్సరములు సాగిన పెనుగులాటను గూర్చి ఆగి ఆలోచించువారు తక్కువ. కాలము గడచినకొలది ఏనుగునకు దేహబలము, మనోబలము, ఉత్సాహము తరిగిపోయినవనియు, మొసలికి అవియే పెరిగినవనియు భాగవతము అష్టమస్కంధమున చెప్పబడినది. కారణము కూడ అచ్చటనే కలదు. మొసలి జలచరము, నీరు దాని ఇల్లు. ఏనుగు నేలమీది ప్రాణి.

గజేంద్రుడు బలహీనుడై ఓడిపోలేదు. నేలమీద అతనిని చూచి సింహములు సైతము తొలగిపోయెడివి. తనది కాని చోట నిలిచి, పట్టు వదలని దానితో పెనుగులాడుటచేత అతని బలము కొంచెము కొంచెముగా జారిపోయినది. దప్పిక తీర్చుకొనుటకే కదా అతడు సరస్సులో దిగినది! చల్లని నీరు, తామరల పరిమళము, చుట్టును తన పరివారము. అంతయు హాయిగానే ఉన్నది. బలము తరుగుచున్నదని అతనికి ఏ యేట తెలిసినదో కథలో లేదు. ఇంకొక్కసారి గుంజినచో బయటపడుదునని అతడు ఎన్ని వందల ఏండ్లు అనుకొనియుండునో!

ఈ పురాతనగాథ నేటి గృహస్థునకు ఎంత సమీపమైనదో తెలిసికొనుటకు హైదరాబాదు నగరపు పడమటి భాగమును చూచిన చాలును. మాదాపురము ఒకప్పుడు గుండ్రాళ్ళ గుట్టల నడుమనున్న గ్రామము. దాని ప్రక్కనున్న దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలమున గోలకొండ కోటకు త్రాగునీ రొసగినది. ఆ రాళ్ళ నడుమ నిర్మింపబడిన సైబర్ టవర్స్ అను భవనమును 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించినారు. నేడు హైటెక్ సిటీ, కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు అద్దాల మేడలు నిలిచియున్నవి. గోదావరి లంకలనుండి, పాలమూరు మెట్టలనుండి, రాయలసీమ పల్లెలనుండి వచ్చిన లక్షలాది యువతీయువకులు వానియందు కంప్యూటరుల ముందు కూర్చుండి పనిచేయుచున్నారు. తల్లిదండ్రుల అప్పులు తీరినవి, చెల్లెండ్ర పెండ్లిండ్లు జరిగినవి, తమ్ముల చదువులు సాగినవి. ఈ కొలువులను తేలికగా నిందించుట న్యాయము కాదు.

ఇట్టి ఇంటికి పల్లెనుండి వచ్చిన తాతగారికి ఒక సందేహము కలుగును. "రోజంతా చల్లని గదిలో కుర్చీలో కూర్చునేవాడికి అలసటేమిటిరా?" అని ఆయన మనుమని అడుగును. ఇది పరిహాసము కాదు. ఆయన ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు నాగలి పట్టినవాడు. రాత్రి మంచము చేరగనే నిద్రించినవాడు. మనుమడు మూట యెత్తలేదు, ఎండ నెరుగడు. అయినను రాత్రి రెండు గంటలకు కన్ను మూతపడదు. ఉదయమున లేచునప్పటికే అలసియుండును. తాతగారి ప్రశ్నకు సమాధానము మనుమనికిని తెలియదు.

సమాధానములో కొంత భాగము గడియారమునందున్నది. అమెరికాలోని న్యూయార్కు నగరమున ఉదయము 9 గంటలగునప్పటికి హైదరాబాదులో వేసవియందు సాయంత్రము 6:30, శీతకాలమున 7:30 అగును. పడమటితీరపు నగరములతో మాటలాడవలెనన్న ఇంకను మూడు గంటలు ఆలస్యము. దేవుని యెదుట దీపము పెట్టు వేళకు ఈ ఉద్యోగి రెండవ దినము మొదలగుచున్నది. మరికొంత భాగము మనస్సులో నున్నది. ఒక పని ముగియకముందే మరియొక పనికి మరలినచో, మొదటిదాని తలపు కొంత మనస్సును అంటియే యుండుననియు, అందుచే రెండవ పని కుంటుపడుననియు సోఫీ లెరాయ్ అను పరిశోధకురాలు 2009లో ప్రకటించినది. ఆమె దానికి పెట్టిన పేరు "అవధాన శేషము" అను అర్థము నిచ్చును. శేషమను మాట శ్రీవైష్ణవులకు మిక్కిలి పరిచితము. జీవుడు భగవంతునకు శేషభూతుడని భగవద్రామానుజుల సిద్ధాంతము. ఇచ్చట పాపము, మనస్సు సగము చేసి విడిచిన పనులకు శేషభూతమైనది!

ఇక దేహము సంగతి. హైదరాబాదులోని సమాచార సాంకేతిక ఉద్యోగులను 345 మందిని హైదరాబాదు విశ్వవిద్యాలయము, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు పరీక్షించి, ఫలితములను 2025లో సైంటిఫిక్ రిపోర్ట్స్ అను పత్రికలో ప్రకటించినారు. వారిలో నూటికి 84 మందికి కాలేయమున క్రొవ్వు చేరియున్నది. నూటికి 71 మంది స్థూలకాయులు. మూడు వందల పైచిలుకు మందిని చూచి లక్షలమందిపై తీర్పు చెప్పరాదు, నిజమే. అయినను ఆలోచింపదగిన విషయమొకటి ఇందున్నది. కాలేయమున క్రొవ్వు చేరినప్పుడు తొలిదశలో తరచుగా నొప్పి యుండదు, జ్వరముండదు. పన్నునొప్పి వలె అది కేకవేయదు. బలమును హరించునవి అన్నియు బాధ రూపముననే వచ్చునని భ్రమపడినవానికి ఈ అవయవమే మంచి గురువు.

కావున దినదినము ఏది తనకు సత్తువ నిచ్చుచున్నదో, ఏది పీల్చివేయుచున్నదో గమనించుకొనుమని నేటి మనశ్శాస్త్రజ్ఞులు, వైద్యులు చెప్పుచున్నారు. మంచిమాటయే. కాని సత్తువ నిచ్చుదానిని పెంచుకొనుము, పీల్చుదానిని వదలివేయుము అని వెంటనే మరియొక మాట చేర్చువారు కలరు. చిక్కు అచ్చట మొదలగును.

మొదటి చిక్కు, ఏది యిచ్చుచున్నది, ఏది పీల్చుచున్నది అను విషయమున మనస్సు చెప్పు సాక్ష్యము నమ్మదగినది కాదు. రాత్రి పదకొండు గంటలకు పని ముగించినవాడు పక్కపై వాలి సెల్‌ఫోనును చేతబట్టును. బొమ్మ తరువాత బొమ్మ కదలుచుండును. ఆ క్షణమున అతనిని అడిగినచో "కాస్త సేద తీరుతున్నాను" అనియే చెప్పును. అబద్ధమాడుట లేదు; అతనికట్లే తోచుచున్నది. గంటన్నర గడచిన తరువాత అడుగవలెను! అట్లే ఉదయము నాలుగున్నరకు లేచుట మొదటి పది నిమిషములు శిక్షవలె నుండును. స్నానము చేసి, తిరుమణి శ్రీచూర్ణములు ధరించి, పెరుమాళ్ళ యెదుట కూర్చుండి లేచినవానిని అప్పుడు అడిగినచో సమాధానము వేరుగా నుండును.

శ్రీకృష్ణభగవానుడు గీత పదునెనిమిదవ అధ్యాయమున సుఖమును మూడు విధములుగా విభజించినది ఇందులకే. ఆరంభమున విషమువలె తోచి పరిణామమున అమృతమగునది సాత్త్వికసుఖము. విషయేంద్రియ సంయోగమువలన మొదట అమృతమువలె నుండి చివరకు విషమగునది రాజసము. నిద్ర, సోమరితనము, ఏమరుపాటులవలన పుట్టి, మొదటను తుదిని కూడ మనస్సును మోహపెట్టునది తామసము. ఇందలి పరీక్ష యంతయు "తుది" యనుచోట నున్నది. ఏ పనినైనను చేయుచున్నప్పటి రుచినిబట్టి గాక, చేసి లేచినప్పటి స్థితినిబట్టి తూచవలెను. పదునేడవ అధ్యాయమున ఆహారమును మూడు విధములుగా చెప్పినప్పుడును ఆయుస్సు, బలము, ఆరోగ్యముల పెరుగుదలయే సాత్త్వికాహారమునకు గుర్తుగా చెప్పబడినది. అర్ధరాత్రి తెప్పించుకొన్న మసాలా భోజనము నాలుకకు చేసిన మేలు తెల్లవారునప్పటికి ఎక్కడ నుండును?

రెండవ చిక్కు దీనికంటె లోతైనది. కొండాపురములో ఒక గృహమును ఊహించుకొందము. భార్యాభర్తలిద్దరును ఉద్యోగులు. తొమ్మిదేండ్ల కుమారుడు. పల్లెలో ఒంటరిగా ఉండలేక వచ్చి చేరిన తల్లి; పక్షవాతము సోకి కుడిచేయి స్వాధీనము తప్పినది. ఆమెకు స్నానము చేయించుట, మందులిచ్చుట, ఒకే మాటను పదిసార్లు చెప్పుచున్నను విసుగక వినుట దినదినము తప్పని పనులు. "నీ సత్తువను పీల్చునవి ఏవి?" అని ఆ కుమారుని కాగితముపై వ్రాయుమన్నచో, నిజాయితీగలవాడైన పక్షమున తల్లి సేవను గూడ ఆ పట్టికలో వ్రాయవలసి వచ్చును. వ్రాసిన తరువాత ఏమి చేయవలెను? కొట్టివేయవలెనా?

గీతాచార్యుని మాట ఇచ్చట కఠినము. శరీరమునకు కష్టము కలుగునను భయముచే విధ్యుక్తకర్మమును విడుచుట రాజసత్యాగమనియు, దానికి త్యాగఫలము లభింపదనియు ఆయన నిర్ణయము. అర్జునుడు యుద్ధభూమిలో విల్లు జారవిడిచి కూలబడినప్పుడు అతనికి కలిగినది కూడ ఒక విధమైన శోషయే. అవయవములు సడలినవి, నోరెండినది. అలసితివి గావున ఇంటికి పొమ్మని భగవంతుడు చెప్పలేదు.

అయితే ఒళ్ళు గుల్లచేసికొనుమనియు ఆయన చెప్పలేదు. అధికముగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని, అతిగా నిద్రించువానికిని, నిద్ర మానినవానికిని యోగము సిద్ధింపదని ఆరవ అధ్యాయమున స్పష్టముగా పలికినాడు. నిద్ర మానుకొని పనిచేయుటను గొప్పగా చెప్పుకొను కొలువుకూటములకు ఈ మాట నచ్చకపోవచ్చును.

ఇందు ఒక భేదమును గుర్తింపవలసియున్నది. అలసట వేరు, శోష వేరు. పొలము దున్నినవాడు అలసియుండును. ఆ అలసట రాత్రి నిద్రతో తీరును, అన్నమునకు రుచి నిచ్చును. శోష నిద్రతో తీరదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన రోగముల పట్టికను సవరించినప్పుడు, ఉద్యోగపు ఒత్తిడి చిరకాలము తీరక నిలిచినందున కలుగు స్థితి నొకదానిని వర్ణించినది. దానిని రోగమని అనలేదు. ఉద్యోగసంబంధమైన స్థితి యన్నది. సత్తువ యింకిపోవుట, చేయు పనిపై మనస్సు విరిగి దూరమగుట, పని చేతగాకపోవుట దాని లక్షణములు. ఇందు రెండవ లక్షణమే ముఖ్యము. దున్నిన రైతునకు పొలముపై మనస్సు విరుగదు. విలియం జేమ్స్ అను అమెరికా తత్త్వవేత్త 1907లో ప్రకటించిన వ్యాసమున, మనుష్యుడు మొదటి అలసటనే తన హద్దుగా భావించి ఆగిపోవుచున్నాడనియు, దానిని దాటినచో లోపల మరియొక బలపు పొర బయటపడుననియు వాదించినాడు. అలసట విషయమున అది నిజము. శోష విషయమున అదే ఉపదేశము ప్రాణాంతకము. గజేంద్రుని కాలిని మొసలి పట్టియుండగా మరికొంత గట్టిగా గుంజుమని చెప్పినట్లగును.

మరి తల్లి సేవ అలసటయా, శోషయా? ఒకే పని రెండును కావచ్చును. ఆమెకు అన్నము తినిపించుచు ఎడమచేత సెల్‌ఫోను చూచుచు, "ఇంకా ఎంతసేపు" అని లోలోపల లెక్కించుకొను దినమున అది శోష. ఆ పనియే మనస్సు పెట్టి చేసిన దినమున అది అలసట మాత్రమే. సేవ పీల్చుట లేదు. సేవతోబాటు జరుగుచున్న లెక్క పీల్చుచున్నది. ఇట్లని మనస్సు పెట్టిన చాలును, తక్కినదంతయు తేలికయగునని తలపరాదు. భార్య యొకతెయే ఆ భారమంతయు మోయుచు, భర్త ప్రక్కగదిలో గీతాప్రవచనము వినుచున్నచో ఆ వినుట సాత్త్వికము కానేరదు. భారమును పంచుకొనుట, ఆదివారమునాడు ఆమెను పుట్టింటికి పంపి తాను మంచము దగ్గర నుండుట, వీలైనచో జీతమిచ్చి ఒక మనిషిని తోడు పెట్టుకొనుట ధర్మమునకు వ్యతిరేకములు కావు.

శరణాగతికి ఆరు అంగములని పాంచరాత్రాగమములు చెప్పుచున్నవి. వానిలో మొదటి రెండు ఆనుకూల్యసంకల్పము, ప్రాతికూల్యవర్జనము. అనుకూలమైనదానిని చేయుదునని పూనుకొనుట, ప్రతికూలమైనదానిని విడుచుట. వినుటకు ఇది నేటి సలహావలెనే యున్నది. ఒక్కటే తేడా. ఎవరికి అనుకూలము? నేటి సలహా "నాకు" అనును. ప్రపన్నుడు "స్వామికి" అనును. ఈ ఒక్క మాట మారినచో పట్టిక యంతయు మారిపోవును. దేహము తనది కాదు, స్వామి సొత్తు. తాను దానిని కాపాడు సేవకుడు. సేవకునకు సొత్తును పాడుచేయు అధికారము లేదు. కాబట్టి రాత్రి రెండింటివరకు మేలుకొని కన్నులు చెడగొట్టుకొనుట అపచారము, తగినంత నిద్రించుట కైంకర్యము. సొత్తును వాడక దాచిపెట్టుటకును అధికారము లేదు. కావున ముసలితల్లికై అది అరిగిపోవుట నష్టము కాదు. సత్తువను లెక్కించుకొనుట స్వార్థమేమో అని సంకోచించు భక్తులు కలరు. ధర్మకర్త ఆలయపు నూనె డబ్బాను కొలిచి చూచుట స్వార్థమా?

పాంచరాత్రము వైష్ణవుని దినమును ఐదు కాలములుగా విభజించినది. ప్రాతఃకాలమున భగవంతుని సమీపించుట అభిగమనము. ఆరాధనకు కావలసిన ద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. తరువాత ఆరాధన యైన ఇజ్య, గ్రంథపఠనమైన స్వాధ్యాయము, రాత్రి భగవద్ధ్యానముతో విశ్రమించు యోగము. వేదాంతదేశికులు పాంచరాత్రరక్ష యను గ్రంథమున ఈ పంచకాలములను విచారించినారు. ఈ దృష్టితో చూచినచో హైటెక్ సిటీలోని కొలువు తక్కువది కాదు, అది ఉపాదానము. జీతము పెరుమాళ్ళ ఇల్లు నడచుటకు వచ్చు ద్రవ్యము. లోపమంతయు ఒక్కటే: ఉపాదానము తక్కిన నాలుగు కాలములను మ్రింగివేసినది. ఉదయమున కన్ను తెరచుటతోడనే సందేశములు చూచుటచే అభిగమనము పోయినది; రాత్రి మీటింగుచే యోగము పోయినది. ద్రవ్యము పోగగుచున్నది, ఆరాధన జరుగుట లేదు. దినమంతయు వంటకు కట్టెలు తెచ్చి, పొయ్యి వెలిగింపక నిద్రించినవాని ఆకలివంటిది ఈ ఉద్యోగి శోష.

గండిపేట చెరువు సమీపమున చిలుకూరు గ్రామమున వెలసిన బాలాజీ సన్నిధికి ఈ ఉద్యోగులు విశేషముగా వెళ్ళుదురు. విదేశప్రయాణపు అనుమతులకై మ్రొక్కువారు అధికమగుటచే "వీసా బాలాజీ" అను పేరు కూడ వ్యాపించినది. అచ్చట హుండీ లేదు. కోరినప్పుడు పదునొకండు ప్రదక్షిణములు, తీరిన పిదప నూట యెనిమిది. వారమంతయు కుర్చీని వదలనివాడు చెప్పులు లేని కాళ్ళతో నూట యెనిమిది మారులు తిరుగును. కాళ్ళు నొప్పిపెట్టును, చెమట కారును. లెక్కప్రకారము అతడు ఇంటికి వ్రేలాడుచు పోవలెను. కాని చాలమంది ముఖములు వేరు సంగతి చెప్పును. అలసియున్నారు, ఎండిపోలేదు. కోరిక తీరినందువలన కలిగిన సంతోషమే యని కొందరందురు. అదియు కొంత నిజమే. అయినను ఆ రెండుమూడు గంటలు చేతిలో ఫోను లేదు, మనస్సు ఒక్కచోటనే యున్నది, కాళ్ళు నేలపై నున్నవి. ఏనుగు గట్టునకు వచ్చినది.

గజేంద్రుడు శరణు వేడుటకు ముందు చేసిన పని ఒకటి కలదు. తన బలము అయిపోయినదని తానే ఒప్పుకొనినాడు. మందకు పతియై, ఎన్నడును ఓటమి నెరుగని వానికి అది సులభమైన మాట కాదు. శరణాగతి అంగములలో కార్పణ్యమనునది ఇదియే. తన అశక్తతను తానెరిగి స్వామి యెదుట దాపరికము లేక నిలుచుట. కార్యాలయమున "ఇంత పని నా వల్ల కాదు" అని చెప్పుటకు నోరు రానివారెందరో కలరు. ఇంటిలోను చెప్పరు. బాగున్నావా యని ఎవరడిగినను బాగున్నాననియే సమాధానము. హైటెక్ సిటీకి అంత దూరము కాని గోలకొండ కోటలోనే భక్త రామదాసు చెరయందుండినాడు. ఆయన తన బాధను దాచలేదు. రాముని నిష్ఠురములాడినాడు, చేయించిన నగల లెక్కలు సైతము ఎత్తి చూపినాడు, మరల క్షమింపుమని వేడినాడు. అలసితినని స్వామితో చెప్పుకొనుట భక్తికి లోటు కాదని ఆ కీర్తనలే సాక్ష్యము. స్వామితో చెప్పుకొనుట అలవాటైన నోటికి, పై అధికారితో చెప్పుట కూడ కొంత సులభమగును.

కొండాపురపు గృహమునకు మరల పోదము. రాత్రి ఎనిమిదిన్నరకు అతనికి అమెరికావారితో మీటింగు. ఏడున్నరకు ఇల్లు చేరినాడు. ఇంతకుముందైనచో ఆ గంటసేపు ఫోను చూచుచు గడపెడివాడు. కొన్ని దినములుగా ఆ ఫోనును వంటింటి అలమరలో పెట్టి, దీపము వెలిగించి, తల్లి మంచము ప్రక్కన కూర్చుండి పోతన భాగవతము చదువుచున్నాడు. మొదటి వారము ఆవులింతలు వచ్చినవి. ఫోను మ్రోగినట్లు చెవికి తోచెడిది. ఆమెకు పద్యములన్నియు నోటికి వచ్చును గావున తప్పు చదివినప్పుడెల్ల దిద్దును. "అక్కడ విరవకూడదు నాన్నా, మళ్ళీ చదువు" అనును. పిల్లవాడు మంచము కోడునకు ఆనుకొని వినుచుండును. ఎనిమిది గంటలు దాటిన తరువాత ఒకనాడు ఆమె దిద్దుట మానినది. చూచిన, నిద్రపోయినది. చదువుట ఆపబోగా పిల్లవాడు మొసలి ఇంకను కాలు వదలలేదని గుర్తుచేసినాడు. అతడు గొంతు తగ్గించి చదువసాగినాడు.